డ్రైవర్ అప్‌డేట్ తర్వాత ల్యాప్‌టాప్ స్క్రీన్ మిణుకుమంటుంటే: ప్యానెల్ మార్పించే ముందు చూడాల్సినవి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. ఇంటెల్ ఐరిస్ ఎక్స్‌ఈ గ్రాఫిక్స్, దాంతోపాటు ఎన్‌విడియా ఆర్‌టీఎక్స్ 3050 ఉన్న ల్యాప్‌టాప్, విండోస్ 11 హోమ్. రాత్రి అప్‌డేట్ పడింది, పొద్దున్నుంచి స్క్రీన్ మిణుకుమంటోంది. కాసేపు ఏమీ ముట్టుకోకుండా వదిలేసి మౌస్ కదిపితే ఎక్కువవుతోంది. ఫుల్ స్క్రీన్‌లో వీడియో ఆడుతుంటే మాత్రం నిలకడగా ఉంటోంది. హెచ్‌డీఎంఐతో పెట్టిన బయటి మానిటర్‌లో ఏ ఇబ్బందీ లేదు. ఎన్‌విడియా డ్రైవర్ (ఆ చిప్‌ను విండోస్‌తో పనిచేయించే సాఫ్ట్‌వేర్) రెండుసార్లు తీసి మళ్లీ వేశారు, మార్పు లేదు. షాపులో చూపిస్తే డిస్‌ప్లే పోయింది, మార్చాలన్నారు.

ప్యానెల్‌కి ఇప్పుడే డబ్బు కట్టకండి, విండోస్ ఫార్మాట్ కూడా చేయించకండి. మీరు రెండుసార్లు తీసి వేసింది ఎన్‌విడియా డ్రైవర్. మీ ల్యాప్‌టాప్ స్క్రీన్‌కి బొమ్మ పంపుతున్నది చాలా వరకు ఇంటెల్ చిప్పే. రెండు గ్రాఫిక్స్ చిప్పులున్న ల్యాప్‌టాప్‌లలో ఎక్కువ వాటిలో లోపలి ప్యానెల్ వైరు ప్రాసెసర్‌లోని ఇంటెల్ గ్రాఫిక్స్‌కి కలిసి ఉంటుంది. ఎన్‌విడియా చిప్ గేమ్ బొమ్మను తయారుచేసి ఇంటెల్ చేతికిస్తుంది, ప్యానెల్‌కి పంపేది ఇంటెల్. హెచ్‌డీఎంఐ పోర్టు మాత్రం చాలా గేమింగ్ మోడళ్లలో నేరుగా ఎన్‌విడియాకి వెళ్తుంది. అలాంటప్పుడు బయటి మానిటర్ బాగుందంటే ఎన్‌విడియా దారి బాగుందని మాత్రమే అర్థం. దాన్నిబట్టి లోపలి ప్యానెల్ పోయిందని తేల్చలేం, ఇంటెల్ డ్రైవర్ మంచిదనీ అనలేం. షాపుల్లో పొరపాటు జరిగేది సరిగ్గా ఇక్కడే.

మీ మెషీన్‌లో ఏది దేనికి కలిసిందో చూడడం సులువు. సెట్టింగ్స్‌లో సిస్టమ్, డిస్‌ప్లే, అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లేకి వెళ్లి పైన ఒక్కో స్క్రీన్ ఎంచుకుంటే, అది ఏ గ్రాఫిక్స్‌కి కలిసి ఉందో పేరుతో సహా రాసి ఉంటుంది. ఎన్‌విడియా కంట్రోల్ ప్యానెల్‌లో సరౌండ్, ఫిజ్ఎక్స్ పేజీ తెరిస్తే పోర్టుల బొమ్మ కూడా కనిపిస్తుంది.

తర్వాత చూడాల్సింది అప్‌డేట్ చరిత్ర. సెట్టింగ్స్, విండోస్ అప్‌డేట్, అప్‌డేట్ హిస్టరీలో డ్రైవర్ అప్‌డేట్స్ అనే భాగం విప్పండి. ఇంటెల్ పేరుతో డిస్‌ప్లే అని ఉన్న వరుస, దాని తేదీ, వెర్షన్ నంబరు రాసుకోండి. ఎన్‌విడియా నంబరు విండోస్‌లో వేరేగా కనబడుతుంది: 32.0.15.7602 అని ఉంటే, చివరి ఐదు అంకెలు తీసుకుని మూడో అంకె తర్వాత చుక్క పెట్టండి, 576.02 వస్తుంది. ఎన్‌విడియా సైట్‌లో కనిపించే నంబరు అదే. ఇది తెలియక ఉన్న వెర్షన్‌నే మళ్లీ దించుకునేవాళ్లు చాలామంది.

ఇక ప్యానెల్ తప్పా, డ్రైవర్ తప్పా అన్నది తేల్చుకుందాం. దీనికి ఖర్చేమీ లేదు, అరగంట చాలు.

ల్యాప్‌టాప్ ఆన్ చేస్తూనే ఎఫ్2 గానీ డిలీట్ గానీ (కంపెనీని బట్టి కీ మారుతుంది) నొక్కి బయోస్‌లోకి (విండోస్ మొదలవకముందు వచ్చే సెట్టింగుల స్క్రీన్) వెళ్లి, పది నిమిషాలు అలాగే వదిలేయండి. అక్కడ విండోస్ డ్రైవర్ ఏదీ నడవదు. అక్కడా మిణుకుమంటే, గీతలు పడితే, ప్యానెల్ లేదా మూతలోంచి వెళ్లే కేబుల్ మీద అనుమానం పెట్టుకోవాలి. అక్కడ నిలకడగా ఉంటే సేఫ్ మోడ్‌లో చూడండి (దానిలోకి వెళ్లే పద్ధతి, అంతకుముందు దగ్గర పెట్టుకోవాల్సిన రికవరీ కీ సంగతి కింద ఉన్నాయి, ముందు అవి చదవండి). సేఫ్ మోడ్‌లో ఇంటెల్, ఎన్‌విడియా డ్రైవర్లు రెండూ పక్కన ఉంటాయి, మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్ అనే సాదా డ్రైవర్ మాత్రమే బొమ్మ చూపిస్తుంది. రెండు చోట్లా బాగుండి మామూలు విండోస్‌లో మాత్రమే మిణుకుమంటే ప్యానెల్ మార్చాల్సిన పని లేదు.

మామూలు విండోస్‌లో ఉన్నప్పుడు మరో రెండు చిన్న పరీక్షలు. మిణుకుమంటున్నప్పుడు కంట్రోల్ + షిఫ్ట్ + ఎస్కేప్ నొక్కి టాస్క్ మేనేజర్ తెరవండి. టాస్క్ మేనేజర్ కూడా అన్నిటితోపాటు మిణుకుమంటే డ్రైవర్ సమస్య. అది నిలకడగా ఉండి మిగతావి మాత్రం ఆడుతుంటే ఏదో ఒక యాప్ సరిపడడం లేదని అర్థం. మైక్రోసాఫ్ట్ కూడా ఇదే పరీక్ష చెబుతుంది. రెండోది, స్క్రీన్‌షాట్. ముక్కలైన బొమ్మ, నల్ల డబ్బాలు స్క్రీన్‌షాట్‌లోకి కూడా వచ్చాయంటే తప్పు బొమ్మ తయారయ్యే దశలోనే ఉంది. స్క్రీన్‌షాట్ శుభ్రంగా ఉంటే బొమ్మ తయారయ్యాక, ప్యానెల్‌కి చేరే దారిలో తేడా వస్తోంది. ఆ దారిలో కేబుల్ ఉంది, ప్యానెల్ ఉంది, డ్రైవర్ చేతిలోని కరెంటు పొదుపు ఏర్పాట్లూ ఉన్నాయి. స్క్రీన్‌షాట్ బాగుంది కాబట్టి హార్డ్‌వేరే పోయిందని అనేయడం తొందరపాటు.

విండోస్ + కంట్రోల్ + షిఫ్ట్ + బి కలిపి నొక్కితే గ్రాఫిక్స్ డ్రైవర్ రీసెట్ అవుతుంది. స్క్రీన్ ఒక్క క్షణం నల్లబడుతుంది, బీప్ వినిపిస్తుంది, తెరిచి ఉన్న పనులు పోవు. స్క్రీన్ పూర్తిగా నల్లగా ఉండిపోయినప్పుడు పవర్ బటన్ పట్టుకునే ముందు దీన్ని వాడి చూడాలి.

మీరు చెప్పిన లక్షణాలకి నా దృష్టిలో మొదటి అనుమానితుడు ప్యానెల్ సెల్ఫ్ రిఫ్రెష్. స్క్రీన్ మీద బొమ్మ కదలనప్పుడు గ్రాఫిక్స్ చిప్ సెకనుకి 60 సార్లు అదే బొమ్మను పంపడం దండగ కదా. అందుకని ప్యానెల్ తన దగ్గరున్న చిన్న మెమరీలో ఆ బొమ్మను దాచుకుని తనంతట తాను చూపిస్తుంది, చిప్‌కీ ప్యానెల్‌కీ మధ్య లింక్ నిద్రపోతుంది. మౌస్ కదిపితే లింక్ లేవాలి. ఆ లేవడంలో సమయం తప్పితే స్క్రీన్ ఒక్కసారి మిణుకుమంటుంది. ఇందులో రెండో రకం బొమ్మలో మారిన భాగాన్ని మాత్రమే పంపుతుంది, అది తప్పితే పాత బొమ్మ ముక్కలు పట్టీల్లా మిగిలిపోతాయి, కర్సర్ వెనక చారలు కనిపిస్తాయి. వీడియో నడుస్తున్నంతసేపు బొమ్మ మారుతూనే ఉంటుంది కనుక లింక్ నిద్రపోదు, మిణుకూ ఉండదు. మీరు గమనించింది అదే. కొత్త డ్రైవర్ ఈ ఏర్పాటును ఆన్ చేసినా, దాని సమయాలు మార్చినా, నిన్నటిదాకా బాగున్న ప్యానెల్ ఇవాళ పాడైనట్టు కనబడుతుంది.

ఇంటెల్ గ్రాఫిక్స్ కమాండ్ సెంటర్ తెరవండి (లేకపోతే మైక్రోసాఫ్ట్ స్టోర్‌లో దొరుకుతుంది). సిస్టమ్, పవర్ అని వెళ్తే బ్యాటరీ మీద ఉన్నప్పటికి ఒకటి, చార్జర్ పెట్టినప్పటికి ఒకటి, విడివిడిగా సెట్టింగులు ఉంటాయి. రెండు చోట్లా ప్యానెల్ సెల్ఫ్ రిఫ్రెష్ ఆపేయండి. ఒకచోటే ఆపి, చార్జర్ తీయగానే మళ్లీ వచ్చిందని విసుక్కునేవాళ్లు ఎక్కువ. ఇంటెల్ కొత్త యాప్ ఉన్నవాళ్లకి చోటు మారుతుంది కానీ సెట్టింగ్ పేరు అదే. ఆపాక రీస్టార్ట్ చేసి, మౌస్ వదిలేసి నిమిషం ఆగి కదిపి చూడండి. బ్యాటరీ కొంచెం తగ్గుతుంది, అంతకు మించి నష్టం లేదు. అక్కడే డిస్‌ప్లే పవర్ సేవింగ్స్ అని మరొకటి ఉంటుంది. తెల్లటి పేజీ తెరిస్తే వెలుతురు ఒకలా, నల్లటి పేజీ తెరిస్తే మరోలా తనంతట మారుతుంటే కారణం అది. ఏఎండీ ల్యాప్‌టాప్‌లలో ఆ పని చేసేదాని పేరు వేరీబ్రైట్, అడ్రినలిన్ యాప్‌లో ఆపవచ్చు.

దీనితో తగ్గితే అక్కడితో ఆగవచ్చు. తగ్గకపోతే డ్రైవర్‌ను వెనక్కి తీసుకెళ్లాలి. డివైస్ మేనేజర్, డిస్‌ప్లే అడాప్టర్స్, ఇంటెల్ ఐరిస్ ఎక్స్‌ఈ, ప్రాపర్టీస్, డ్రైవర్ ట్యాబ్, రోల్ బ్యాక్ డ్రైవర్. మళ్లీ చెబుతున్నా, ఇంటెల్ వరుస మీద. ఆ బటన్ మసకగా ఉండి నొక్కుడు పడకపోతే నిరాశపడకండి. పాత వెర్షన్ చాలాసార్లు విండోస్ డ్రైవర్ ఫైళ్లు దాచుకునే డ్రైవర్ స్టోర్‌లోనే పడి ఉంటుంది. అదే ట్యాబ్‌లో అప్‌డేట్ డ్రైవర్ నొక్కి, బ్రౌజ్ మై కంప్యూటర్, ఆ తర్వాత లెట్ మీ పిక్ ఫ్రమ్ ఎ లిస్ట్ ఎంచుకుంటే ఉన్న వెర్షన్లన్నీ నంబర్లతో కనిపిస్తాయి. అప్‌డేట్ హిస్టరీలో రాసుకున్న నంబరు కన్నా పాతది ఎంచుకుని నెక్స్ట్ కొట్టండి.

అన్‌ఇన్‌స్టాల్ డివైస్ నొక్కి రీస్టార్ట్ చేయడం చాలామంది చేసే పని, దాదాపు దండగ. ఆ పెట్టెలో డ్రైవర్‌ను కూడా తొలగించమనే టిక్ పెట్టకపోతే డ్రైవర్ స్టోర్‌లో ఫైళ్లు అలాగే ఉంటాయి, రీస్టార్ట్ కాగానే విండోస్ అదే వెర్షన్‌ను తిరిగి ఎక్కిస్తుంది. షట్‌డౌన్ చేసి ఆన్ చేయడంతో రీస్టార్ట్ చేసినట్టు కాదని కూడా గుర్తుంచుకోండి. ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్‌లో కెర్నెల్ (విండోస్ మూల భాగం), డ్రైవర్ల స్థితి డిస్క్‌లో భద్రమై, మర్నాడు అదే స్థితి తిరిగి వస్తుంది. డ్రైవర్ మార్చిన ప్రతిసారీ రీస్టార్టే నొక్కాలి.

రోల్ బ్యాక్‌తో కుదరనప్పుడే డిస్‌ప్లే డ్రైవర్ అన్‌ఇన్‌స్టాలర్ వాడాలి, అందరూ డీడీయూ అంటారు. మొదటి మందుగా దాన్ని సలహా ఇవ్వడం నాకు నచ్చదు, కానీ అవసరమైనప్పుడు దానంత శుభ్రంగా తుడిచేది లేదు. క్రమం తప్పితే మాత్రం పని చెడుతుంది. ముందు ల్యాప్‌టాప్ కంపెనీ సపోర్ట్ పేజీలో మీ మోడల్ నంబరుకి ఇచ్చిన ఇంటెల్ గ్రాఫిక్స్ డ్రైవర్ దించి డిస్క్‌లో పెట్టుకోండి. ఇంటెల్ సైట్‌లోని సాధారణ డ్రైవర్ కొత్తదే, కానీ మీ ప్యానెల్‌కి కంపెనీ చేసిన సర్దుబాట్లు అందులో ఉండవు. ఆ సంగతి ఇంటెల్ ఇన్‌స్టాలరే హెచ్చరిస్తుంది. ల్యాప్‌టాప్‌లో ఇంటెల్ గ్రాఫిక్స్ వరకు కొత్తదానికన్నా కంపెనీదే నయం.

సేఫ్ మోడ్‌లోకి వెళ్లే ముందు బిట్‌లాకర్ (డిస్క్‌లోని డేటాకి తాళం వేసే విండోస్ ఏర్పాటు) రికవరీ కీ చేతిలో ఉందో లేదో చూసుకోండి. 48 అంకెలు ఉంటుంది, మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో డివైసెస్ పేజీలో దొరుకుతుంది, కాగితం మీద రాసుకోండి. విండోస్ 11 హోమ్‌లో కూడా డివైస్ ఎన్‌క్రిప్షన్ పేరుతో అది ఆన్‌లో ఉండవచ్చు. కీ అడిగినప్పుడు లేకపోతే మిణుకుమనే స్క్రీన్ కన్నా పెద్ద కష్టం. సేఫ్ మోడ్‌లో పిన్ పని చేయకపోవచ్చు, అకౌంట్ పాస్‌వర్డ్ కూడా గుర్తుండాలి.

ఇప్పుడు వై-ఫై ఆపేయండి, కేబుల్ ఉంటే పీకేయండి. నెట్ ఉంటే మీరు తుడిచిన మరుక్షణం విండోస్ అప్‌డేట్ తన వెర్షన్‌ను ఎక్కించేస్తుంది. షిఫ్ట్ పట్టుకుని రీస్టార్ట్ నొక్కి, ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెట్టింగ్స్, రీస్టార్ట్, తర్వాత 4. ఎంఎస్‌కాన్ఫిగ్‌లో సేఫ్ బూట్ టిక్ పెట్టే పద్ధతి వద్దు, టిక్ తీయడం మరిచిపోతే ప్రతిసారీ సేఫ్ మోడ్‌లోకే వెళ్తుంది. డీడీయూలో జీపీయూ, ఇంటెల్ ఎంచుకుని క్లీన్ అండ్ రీస్టార్ట్. మామూలు విండోస్ వచ్చాక, నెట్ లేకుండానే, దించి పెట్టిన డ్రైవర్ వేసి రీస్టార్ట్ చేయండి. ఎన్‌విడియా కూడా తుడవాల్సి వస్తే ముందు ఇంటెల్, ఆ తర్వాత ఎన్‌విడియా వేయండి. నెట్ చివర్లో.

బాగుపడ్డాక రెండు వారాలకి మళ్లీ మొదలైందనే ఫిర్యాదు అందరి దగ్గరా వినిపిస్తుంది. కారణం ఉంది. విండోస్ డ్రైవర్ ఎంచుకునేటప్పుడు ముందు చూసేది హార్డ్‌వేర్ గుర్తింపు ఎంత కచ్చితంగా సరిపోయిందన్నది, తర్వాత తేదీ, ఆ తర్వాతే వెర్షన్ నంబరు. మీ మోడల్ పేరుమీదే నమోదైన డ్రైవర్ ఒకటి విండోస్ అప్‌డేట్‌లో ఉంటే, మీరు చేత్తో వేసినదాన్ని అది తోసేయగలదు, నంబరు చిన్నదైనా సరే. దాన్ని ఆపకుండా వదిలితే చేసిన పనంతా వృథా.

హోమ్ ఎడిషన్‌లో గ్రూప్ పాలసీ (విండోస్ నియమాలు మార్చే ఎడిటర్) ఉండదు కనుక రిజిస్ట్రీలో (విండోస్ లోపలి సెట్టింగుల పట్టిక), రిజిస్ట్రీ ఎడిటర్ తెరిచి చేయాలి. హెచ్‌కీ లోకల్ మెషీన్, సాఫ్ట్‌వేర్, పాలసీస్, మైక్రోసాఫ్ట్, విండోస్ వరకు వెళ్లి, అక్కడ విండోస్‌అప్‌డేట్ అనే కీ (రిజిస్ట్రీలో ఫోల్డర్ లాంటిది) లేకపోతే సృష్టించి, అందులో ఎక్స్‌క్లూడ్‌డబ్ల్యూయూడ్రైవర్స్‌ఇన్‌క్వాలిటీఅప్‌డేట్ అనే 32 బిట్ డీవర్డ్ (అంకె విలువ) పెట్టి విలువ 1 ఇవ్వండి. పేర్లు ఇంగ్లిష్ అక్షరాల్లో, ఖాళీలు లేకుండా ఒకే పదంగా టైప్ చేయాలి, డబ్ల్యూయూ అన్నచోట ఆ రెండక్షరాలే. ప్రో ఎడిషన్ వాళ్లకి ఇదే పని గ్రూప్ పాలసీలో, డ్రైవర్లను విండోస్ అప్‌డేట్‌తో కలపవద్దనే పాలసీ ఆన్ చేస్తే అయిపోతుంది. దీనితో బ్లూటూత్, టచ్‌ప్యాడ్ డ్రైవర్లు కూడా విండోస్ అప్‌డేట్ నుంచి రావడం ఆగిపోతుంది, వాటిని కంపెనీ పేజీ నుంచి మీరే వేసుకోవాలి. కొన్ని నెలల తర్వాత కొత్త ఇంటెల్ వెర్షన్ వచ్చి బాగుందని తేలితే ఆ విలువ తీసేయండి. ల్యాప్‌టాప్ కంపెనీ అప్‌డేట్ యాప్ ఉంటే దాన్లోనూ ఆటోమేటిక్ ఆపండి, ఒక తలుపు మూసి ఇంకోటి తెరిచి ఉంచితే లాభం లేదు. డ్రైవర్ బూస్టర్ తరహా యాప్‌లు అసలు వద్దు. మోడల్‌కి సరిపడని వెర్షన్ వేసి కొత్త తలనొప్పి తెచ్చేది అవే.

ఇలాంటి లక్షణాలే ఉండి కారణం వేరైనవి కొన్ని ఉన్నాయి, మీకు కాకపోయినా చదివేవాళ్లకి పనికొస్తాయి.

క్రోమ్‌లోనో, వీడియో పక్కన వేరే విండో ఉన్నప్పుడో మాత్రమే నల్ల డబ్బాలు, మిణుకు వస్తుంటే మల్టీప్లేన్ ఓవర్‌లే అనే ఏర్పాటును అనుమానించాలి. విండోలన్నిటినీ ఒకే బొమ్మగా కలపకుండా కొన్నిటిని వేరే పొరగా నేరుగా డిస్‌ప్లేకి పంపే పద్ధతి అది. రెండు మానిటర్లు వేర్వేరు రిఫ్రెష్ రేట్లలో ఉన్నప్పుడు ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. దీన్ని ఆపే రిజిస్ట్రీ ఫైలును ఎన్‌విడియానే తన సపోర్ట్ పేజీలో ఇచ్చింది: హెచ్‌కీ లోకల్ మెషీన్, సాఫ్ట్‌వేర్, మైక్రోసాఫ్ట్, విండోస్, డీడబ్ల్యూఎం కింద ఓవర్‌లేటెస్ట్‌మోడ్ అనే డీవర్డ్, విలువ 5. తేడా లేకపోతే ఆ విలువ తొలగించి రీస్టార్ట్ చేయండి, పనికిరాని మార్పులు వదిలేయకూడదు. దీనికన్నా ముందు క్రోమ్ సెట్టింగ్స్‌లో గ్రాఫిక్స్ యాక్సిలరేషన్ ఆపి చూడండి, ఒక్క నిమిషం పని.

డ్రైవర్ మారాక రంగులు వెలిసినట్టు, నలుపు బూడిదగా కనిపిస్తే హెచ్‌డీఎంఐ అవుట్‌పుట్ లిమిటెడ్‌కి, అంటే 16 నుంచి 235 దాకా ఉండే పరిధికి మారింది. ఎన్‌విడియా కంట్రోల్ ప్యానెల్‌లో చేంజ్ రిజల్యూషన్ పేజీ చివర్లో ఎన్‌విడియా కలర్ సెట్టింగ్స్ ఎంచుకుని, ఆర్‌జీబీ, ఫుల్ పెట్టండి. అక్షరాల అంచులు రంగులు పూసినట్టుంటే, తెలుగు ఒత్తులు అలుక్కుపోయినట్టుంటే, 4:2:2 లేదా 4:2:0కి (రంగుల వివరం తగ్గించి పంపే పద్ధతులు) పడిపోయిందేమో చూడండి. 4కే 60 హెర్ట్జ్ ఆర్‌జీబీకి హెచ్‌డీఎంఐ 2.0 కావాలి, 1.4తో 30 హెర్ట్జే. కొత్త డ్రైవర్ రిఫ్రెష్ రేటు పెంచితే, అంతవరకు ఎలాగో నెట్టుకొచ్చిన కేబుల్ చేతులెత్తేసి స్క్రీన్ ఒకటి రెండు సెకన్లు నల్లబడుతుంది. 144 హెర్ట్జ్ నుంచి 60కి తగ్గిస్తే ఆగిందంటే కేబుల్ మార్చండి. రిజల్యూషన్ 1024×768 దగ్గర ఇరుక్కుని, డివైస్ మేనేజర్‌లో బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్ అనే ఉంటే డ్రైవర్ ఎక్కనే లేదు.

గేమ్ మధ్యలో స్క్రీన్ నల్లబడి తిరిగి వస్తే ఈవెంట్ వ్యూయర్‌లో విండోస్ లాగ్స్, సిస్టమ్‌లో డిస్‌ప్లే పేరుతో 4101 నంబరు వెతకండి. గ్రాఫిక్స్ చిప్ 2 సెకన్లలో జవాబివ్వకపోతే విండోస్ డ్రైవర్‌ను రీసెట్ చేస్తుంది, దాని గుర్తు అది. ఆ 2 సెకన్లను రిజిస్ట్రీలో 8కో 10కో పెంచమని చాలాచోట్ల రాస్తారు. ఆ విలువ డ్రైవర్లు రాసేవాళ్ల పరీక్షల కోసం ఉంది. పెంచితే హ్యాంగ్ ఎక్కువసేపు ఉంటుందే తప్ప కారణం పోదు. ఓవర్‌క్లాక్ చేసి (చిప్‌ను మామూలు కన్నా ఎక్కువ వేగంతో నడిపేలా పెట్టి) ఉంటే ముందు దాన్ని తీసేయండి, పాత డ్రైవర్‌తో నిలిచింది కొత్తదానితో నిలవాలని లేదు.

కొత్త వెర్షన్‌లో డ్రైవర్ కంపెనీలే తప్పు చేసిన సందర్భాలు కూడా ఉన్నాయి. 2010 మార్చిలో ఎన్‌విడియా 196.75 ఫ్యాన్ నియంత్రణను దెబ్బతీసి కార్డులు వేడెక్కేలా చేయడంతో దాన్ని వెనక్కి తీసుకున్నారు. 2025 మొదట్లో ఆర్‌టీఎక్స్ 50 సిరీస్‌కి 572 వరుస డ్రైవర్లతో బ్లాక్ స్క్రీన్ సమస్యలు వచ్చాయి, ఏప్రిల్‌లో వచ్చిన 576.02లో చాలావాటికి సవరణలు ఇచ్చారు. కాబట్టి రిలీజ్ నోట్స్‌లో ఓపెన్ ఇష్యూస్ భాగం చదివి వేయండి. కొత్త గేమ్ ఆడనివాళ్లకి గేమ్ రెడీ కన్నా స్టూడియో డ్రైవర్ చాలు. హాట్‌ఫిక్స్ డ్రైవర్లు (కొన్ని తప్పులకి త్వరగా ఇచ్చే సవరణలు) మాత్రం వాటంతటవి రావు, సపోర్ట్ సైట్‌లో వెతికి వేసుకోవాలి.

ఉబుంటు వాడేవాళ్లకి ఒక్క మాట: కెర్నెల్ అప్‌డేట్ తర్వాత ఇదే మిణుకు వస్తే, గ్రబ్‌లో (ఆన్ చేయగానే వచ్చే బూట్ మెనూ) అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ నుంచి పాత కెర్నెల్‌తో బూట్ చేసి చూడండి. అప్పుడు బాగుంటే ఐ915 అనే ఇంటెల్ గ్రాఫిక్స్ డ్రైవర్‌కి ఎనేబుల్ పీఎస్‌ఆర్ అనే పారామీటర్‌ను 0గా ఇచ్చి గ్రబ్ అప్‌డేట్ చేయండి. పైన చెప్పిన ప్యానెల్ సెల్ఫ్ రిఫ్రెషే ఇక్కడా.

ఇక నిజంగానే హార్డ్‌వేర్ అయితే ఎలా ఉంటుందంటే, గీతలు ఎప్పుడూ ఒకే చోట నిలిచి ఉంటాయి, బయోస్‌లో కంపెనీ లోగో మీద కూడా కనబడతాయి. మూత మెల్లగా ముందుకీ వెనక్కీ వంచితే తగ్గుతూ పెరుగుతూ ఉంటే మడత దగ్గర కేబుల్ నలిగింది, ప్యానెల్ కన్నా ఆ కేబుల్ చాలా తక్కువ ధరకి వస్తుంది, అదొక్కటే మార్చమని అడగండి. డెస్క్‌టాప్ కార్డులో బయోస్ దగ్గర్నుంచే గళ్లు గళ్లుగా, చుక్కల వరుసలుగా కనిపిస్తే కార్డు మెమరీ దెబ్బతిన్నట్టే, దానికి ఏ డ్రైవరూ పనిచేయదు. అలాంటిది కనిపిస్తే విప్పించకుండా, బయోస్ స్క్రీన్‌ను ఫోన్‌లో వీడియో తీసి, వారంటీ ఉంటే సర్వీస్ సెంటర్‌లో ఆ వీడియో చూపించండి. డ్రైవర్ మార్చి చూడండి అని తిప్పి పంపడానికి అప్పుడు వీలుండదు.